ఆరడుగుల బాల్కనీ, ఆరు నెలల పని

మా బాల్కనీ కొలతలు ముందే చెప్పేస్తాను. పొడవు 5 అడుగుల 10 అంగుళాలు, వెడల్పు 2 అడుగుల 9 అంగుళాలు. ఇల్లు చూపించిన రోజున ‘ఆరు బై మూడు’ అన్నారు. ఆ తగ్గిన రెండు మూడు అంగుళాలు ఎంత విలువైనవో తరవాత తెలిసింది. విజయవాడ సత్యనారాయణపురంలో మూడో అంతస్తు, పడమటి వైపు, అద్దె ఇల్లు. నాలుగేళ్ళుగా ఆ బాల్కనీలో కాపురం ఉన్నవి ఇవి: పాడైన కూలర్ ఒకటి, మూత లేని నీళ్ళ డ్రమ్ము, కాలు విరిగిన చెక్క స్టూలు, ‘ఎప్పటికైనా పనికొస్తాయి’ అని అత్తయ్యగారు దాచిన రెండు సంచుల కొబ్బరి చిప్పలు. పైన బట్టలు ఆరేసే తాళ్ళు. అక్కడ మనిషి నిలబడాలంటే పక్కకు తిరిగి నిలబడాలి.

జనవరి 10న సంక్రాంతి సెలవులు ఇచ్చారు. నేను ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. ఈ సంగతి కాసేపు గుర్తుంచుకోండి, నన్ను చూసి నవ్వడానికి ముందు ముందు పనికొస్తుంది. ఆ సాయంత్రం నాలుగింటికి డ్రమ్మును కాస్త పక్కకు జరిపి, ఆ సందులో నిలబడి కాఫీ తాగాను. చల్లని నీడ. ఎడమ వైపున్న ఐదంతస్తుల అపార్టుమెంటు వెనక్కి సూర్యుడు అప్పటికే వెళ్ళిపోయాడు. కుడి వైపు కారు షెడ్డు రేకుల మీద కాస్త వెలుగు మిగిలి ఉంది, చిన్న గాలి కూడా వీస్తోంది. ఇంత చక్కటి చోటును కూలర్‌కు అప్పగించి నేను వంటగదిలో నిలబడి కాఫీ తాగుతున్నానా అనిపించింది.

మావారితో అన్నాను. ‘ఐదు వేలు. ఒక్క రూపాయి దాటినా నీ జీతంలోంచే’ అన్నారు. ఇద్దరి జీతాలూ ఒకే డబ్బాలో పడి ఒకే కన్నంలోంచి పోతాయన్న సంగతి ఇద్దరికీ తెలుసు కనుక నేను వాదించలేదు.

ఖాళీ చేయడం మాత్రం చిటికెలో అయిపోయింది. కూలర్‌నూ డ్రమ్మునూ పాత సామాన్లు కొనే అతనికి ఇస్తే 340 రూపాయలు వచ్చాయి. స్టూలును భోగిమంటలో వేశాం. కొబ్బరి చిప్పలను కూడా అత్తయ్యగారే తెచ్చి, ఎవరో దగ్గరివాళ్ళను సాగనంపుతున్నట్టు ఒక్కొక్కటిగా మంటలో వేశారు. ఆ స్టూలును కాల్చినందుకు మార్చిలో బాధపడ్డాను. ఒక కాలు వేయిస్తే సరిపోయేది.

కనుమ మర్నాడు నేలను సోడా పొడితో రుద్దాను. రెండు పూటలు పట్టింది. మకిలి వదిలితే కింద పాతకాలపు మొజాయిక్ బయటపడింది, బూడిద రంగు మీద నల్లటి, ఎర్రటి చుక్కలు. ‘బాగుందే’ అనుకున్నాను. అనుకుని, దాని మీద ప్లాస్టిక్ గడ్డి పరిచాను. చదరపు అడుగు 45 రూపాయల చొప్పున 18 అడుగులకు 810. ఫోనులో చూసిన ప్రతి బాల్కనీలోనూ ఆ గడ్డి ఉంది మరి.

తరవాత కుర్చీలు. చిన్న గుండ్రటి బల్ల, రెండు మడత కుర్చీలు, 2,400 రూపాయలకు ఆన్‌లైన్‌లో తెప్పించాను. జనవరి 20న వచ్చాయి. బల్ల వేశాం, కుర్చీలు వేశాం, కొలిచినట్టు సరిగ్గా పట్టాయి. లోపలికి వెళదామని చూస్తే తలుపు తెరుచుకోదు. మా బాల్కనీ తలుపు బయటికి తెరుచుకుంటుంది. నాలుగేళ్ళుగా రోజుకు పదిసార్లు తెరిచే తలుపు ఎటు తెరుచుకుంటుందో కొలతలు తీసేటప్పుడు గుర్తు రాలేదు! లోపలి నుంచి మావారు తలుపు నెడుతున్నారు, బయట బల్లకూ ఊచలకూ మధ్య నేనూ మా అబ్బాయీ ఇరుక్కుపోయాం. చివరికి కుర్చీ మడిచి నెత్తిన పెట్టుకుంటే తలుపు వచ్చింది. సామాను తిరిగి పంపడం తేలికే, డబ్బు మాత్రం జనవరి 31న గాని ఖాతాలో పడలేదు. ఆ పదకొండు రోజులూ ఆ 2,400 ఐదు వేల లెక్కలో ఉన్నట్టా లేనట్టా అని ఇంట్లో చర్చ నడిచింది. చిన్న బాల్కనీ ఉన్నవాళ్ళు ఏమీ కొనకముందే తలుపును పూర్తిగా తెరిచి, దాని అంచు తిరిగే దారంతా సుద్దతో నేల మీద గీయండి. మా ఇంట్లో ఆ గీతకు అవతల మిగిలింది రెండు మూలలు మాత్రమే.

ఫిబ్రవరి 2న మొక్కలకు వెళ్ళాం. నగరం శివార్లలోని నర్సరీ అది. చాలా మొక్కలు కడియం నుంచి వ్యానుల్లో వస్తాయి, మేం వెళ్ళేసరికి ఒక వ్యాను దింపుతున్నారు. గోదావరి మట్టిలో పెరిగి నిగనిగలాడుతున్న మొక్కలను చూస్తే చెయ్యి ఆగదు. తొమ్మిది కొన్నాను: రెండు పెటూనియాలు, రెండు చామంతులు, రెండు ఫెర్నులు, ఒక క్రోటన్, తులసి, కలబంద. మొత్తం 940. నర్సరీ అతను ‘ఎండ ఎటు వస్తుందమ్మా మీకు?’ అని అడిగాడు. ‘నీడేనండీ, నాలుగింటికే నీడ పడుతుంది’ అన్నాను. చూసింది చూసినట్టు చెప్పాను. కుండీలు, వేలాడే బుట్టలు కలిపి 620. ఎర్రమట్టి, వర్మీకంపోస్టు, కొబ్బరి పొట్టు కలిపి 450. ఊచలకు చుట్టే దీపాల తీగ 299.

ఫిబ్రవరి రెండో వారంలో మా బాల్కనీని చూసి ఉండాల్సింది. ఫొటో తీసి బడిలో అందరికీ చూపించాను. 3,119 రూపాయలకు ఇంత అందమా అని లెక్కల టీచరు గారు ఆశ్చర్యపోయారు. కూర్చోవడానికి ఏమీ లేదన్న సంగతి ఫొటోలో కనిపించదు కదా.

ఆ వారంలోనే కింది ఫ్లాటు పిన్నిగారు పైకి వచ్చారు. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో గుమ్మడికాయ వడియాలు. సగం తెల్లగా, సగం ఎర్రగా ఉన్నాయి. నేను పొద్దున్నే కుండీలకు పోసిన నీళ్ళు మట్టిని కరిగించుకుని గడ్డి కింద పారి, ఊచల కింద నుంచి జారి, ఆవిడ బాల్కనీ గోడ మీద ఎండుతున్న వడియాల మీద పడ్డాయి. ఆవిడ ఒక్క మాట అనలేదు. ‘మీ మొక్కలు బాగున్నాయమ్మా, పై నుంచి రోజూ పలకరిస్తున్నాయి’ అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. మర్నాడే బూడిద గుమ్మడికాయ, అరకిలో మినప్పప్పు కొని ఇచ్చి వచ్చాను. 145 రూపాయలు. మావారు దీనిని ఏ పద్దు కింద రాయాలని అడిగారు.

కుండీల కింద పళ్ళేలు కొన్నాను, ఎనిమిది, 200 రూపాయలు. పళ్ళేల్లో నీళ్ళు నిలిస్తే దోమలు. అది అత్తయ్యగారు కనిపెట్టారు, వీధి చివర ఇల్లు కడుతున్నవాళ్ళను అడిగి రెండు గుప్పిళ్ళ ఇసుక తెప్పించి పళ్ళేల్లో పోయించారు. నీళ్ళు ఇసుకలోకి ఇంకిపోతాయి, దోమ గుడ్లు పెట్టడానికి పైన నీరు నిలవదు. మొత్తం ఈ ఆరు నెలల్లో పైసా ఖర్చు లేకుండా మొదటిసారికే కుదిరిన పని అదొక్కటే.

ఫిబ్రవరి 17. వేలాడే బుట్టలో పెటూనియా పక్కన రెండు తెల్లటి గుడ్లు. పావురం. మూడు పుల్లలు అడ్డదిడ్డంగా పెట్టి అదే గూడు అనుకుంది. నేను బుట్ట తీసి మేడ మీద పెడదామన్నాను. అత్తయ్యగారు తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. ‘గుడ్ల మీద ఉన్న తల్లిని కదిలిస్తావా? ఏం చదువులు చదివావమ్మా?’ అన్నారు. ఆ మాటకు సమాధానం ఉండదు. బాల్కనీ తలుపు మూతపడింది. రోజుకు ఒక్కసారి, నీళ్ళు పోయడానికి, చీకటి పడ్డాక, పిల్లిలా వెళ్ళి పిల్లిలా రావాలి. బట్టలు మేడ మీద ఆరేశాం.

పావురం లెక్కలు ఇవి. పద్దెనిమిది రోజులకు గుడ్లు పగిలాయి, మార్చి 7న. పిల్లలు ఎగిరిపోవడానికి మరో నాలుగు వారాలు పట్టింది, ఏప్రిల్ 4 దాకా. మొదటి వారంలో అవి ఎంత వికారంగా ఉంటాయో చెప్పలేను. పసుపు నూగుతో, ముక్కుకు తగిన ముఖం లేకుండా ఉంటాయి. మా అబ్బాయి ఆరో తరగతి. వాటికి బోండా, బజ్జీ అని పేర్లు పెట్టాడు. రెట్టలతో పచ్చ గడ్డి తెల్ల గడ్డి అయింది. వాసన హాల్లోకి వచ్చేది. ఉగాది నాడు వేపపూత తెచ్చి పచ్చడి చేసుకుని తలుపు అద్దంలోంచి వాటిని చూస్తూ తిన్నాం. మొదట్లో విసుక్కున్న మనిషిని, చివరి వారంలో బడి నుంచి రాగానే ‘ఎగిరాయా?’ అని అడుగుతున్నానని మావారు అన్నాకే గమనించుకున్నాను. ఏప్రిల్ 4న బోండా ముందు ఎగిరింది. బజ్జీ సాయంత్రం దాకా ఊచ మీదే కూర్చుని బెంగపడి, చీకటి పడే ముందు వెళ్ళింది. ఇంట్లో కాస్త వెలితిగా అనిపించింది, నిజం.

మళ్ళీ గుడ్లు పెట్టేలోగా వల వేయించాలి. పావురాలు వచ్చిన చోటికే మళ్ళీ వస్తాయి, పిల్లలు ఎగిరిన కొద్ది రోజులకే తిరిగి గుడ్లు పెడతాయి కూడా. వల వేసేవాళ్ళు చదరపు అడుగుల లెక్క చెబుతారు గాని, మాలాంటి పిడికెడు బాల్కనీకి ఆ లెక్క పనికిరాదు, కనీస చార్జీ అని ఉంటుంది. 1,900 అడిగారు. గోడకు కొక్కేలు దిగగొట్టాలి కనుక ఇంటి యజమాని అనుమతి కావాలి. ఈ ఒక్క విషయంలో నాకు ముందుచూపు ఉంది, మార్చి నెలాఖరులోనే ఫోను చేసి అడిగి ఉంచాను. ‘కొక్కేలు మీరు వెళ్ళేటప్పుడు తీయకండి, అలాగే ఉంచేయండి’ అన్నారు. ఆయన ఖర్చు పంచుకుంటారేమోనని కొంచెం సేపు మౌనంగా ఉన్నాను. ఆయన కూడా మౌనంగా ఉన్నారు. ఏప్రిల్ 8న ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి గంటన్నరలో వల బిగించి వెళ్ళారు. ఐదు వేల గీత ఆ రోజు దాటాం, 364 రూపాయలతో.

ఏప్రిల్ 9. ఒంటిపూట బడులు. భోజనం చేసి, నిద్రపోయి లేచి, కాఫీ పట్టుకుని, ఏడు వారాల తరవాత మొదటిసారి దర్జాగా తలుపు తీసి బాల్కనీలో అడుగు పెట్టాను. పెట్టిన కాలు వెంటనే వెనక్కి తీశాను. ఆ గడ్డి పెనంలా ఉంది. కాలిన ప్లాస్టిక్ వాసన. ఫెర్నులు రెండూ గోధుమ రంగు దుమ్ము. చామంతులు వంటచెరకు. రోజూ చీకట్లో నీళ్ళు పోస్తూ ‘కాస్త వాడినట్టున్నాయి’ అనుకున్నవి అసలు ఎప్పుడో పోయాయి. నాలుగున్నర అయింది, సూర్యుడు నా ముఖం మీదే ఉన్నాడు. ఎడమ అపార్టుమెంటు చాటున ఉండవలసినవాడు దానికీ కుడి వైపు కారు షెడ్డుకూ నడుమ ఖాళీలోంచి సూటిగా లోపలికి చూస్తున్నాడు.

‘జనవరిలో ఎండ ఉండేది కాదు కదా, ఏమైంది దీనికి?’ అన్నాను పైకే. మా అబ్బాయి గడపలో నిలబడి ఉన్నాడు. ‘అమ్మా, ఉత్తరాయణం కదా!’ అన్నాడు.

పదిహేనేళ్ళుగా నేను బల్లగుద్ది చెబుతున్న పాఠం. భూమి అక్షం 23½ డిగ్రీలు వాలి ఉంది. సూర్యుడు సరిగ్గా పడమర దిక్కున అస్తమించేది ఏడాదికి రెండు సార్లే, మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాల్లో. సంక్రాంతి రోజుల్లో అస్తమయం పడమరకు బాగా దక్షిణంగా, అంటే మా బాల్కనీలో నిలబడితే ఎడమకు, ఉంటుంది. అక్కడి నుంచి రోజురోజుకూ కుడికి, ఉత్తరానికి జరుగుతూ జూన్ 21 దాకా పోతుంది. విజయవాడ 16½ డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక మే మొదటి వారంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, ఆపైన మనల్ని దాటి ఉత్తరానికి వెళతాడు. నల్లబల్ల మీద ఏటా రంగు సుద్దలతో బొమ్మ గీస్తాను. ఉత్తరాయణ పుణ్యకాలం అని పండగ కూడా చేసుకున్నాను. ఆ వారంలోనే, ఆ సూర్యుడు కదలడన్నట్టుగా ఫెర్నులు కొనాలని నిర్ణయించుకున్నాను.

ఇంకా రెండున్నర నెలలు ఆయన కుడికే జరుగుతాడు, షెడ్డు చూస్తే పొట్టి, అడ్డం ఏమీ లేదు. అంటే రాబోయేది ఇంకా ఉంది. మా అబ్బాయికి ఒక పని అప్పగించాను. గడప మీద ఒకే చోట నిలబడి, సూర్యుడు మునిగే చోటుకు సూటిగా ఊచల పైనున్న కమ్మీ మీద సుద్దతో గీత పెట్టి తేదీ రాయాలి. వారానికి ఒకటి.

ముందు గడ్డి చుట్టి తీసేశాను. కడిగి బడికి ఇచ్చాను, ఒకటో తరగతి పిల్లలు నీడలో కూర్చుంటున్నారు. అడుగున నా మొజాయిక్ అలాగే ఉంది. సాయంత్రం రెండు చెంబుల నీళ్ళు చల్లితే ఐదు నిమిషాల్లో కాలు పెట్టగలిగేది. ఆ పని గడ్డి మీద కుదరదు, కింద నీరు నిలిచి కుళ్ళు వాసన వస్తుంది.

ఎండకు అడ్డం కావాలి. మొదట పొలం సామాన్ల దుకాణంలో ఆకుపచ్చ షేడ్ నెట్టు కొన్నాను, 180 రూపాయలు. వల కొక్కేలకే కట్టాను. ఎండ సగానికి తగ్గింది గాని ఇల్లంతా ఆకుపచ్చగా మారింది. అన్నం ఆకుపచ్చ, మనుషులు ఆకుపచ్చ. అత్తయ్యగారికి ఒంట్లో బాగోలేదేమోనని ఎదురింటావిడ పలకరించి వెళ్ళింది. నాలుగు రోజులు భరించి విప్పేసి, కింది పిన్నిగారికి ఇచ్చాను. వడియాల మీద కప్పుకుంటున్నారు. కాకుల బెడద తప్పిందని ఈసారి ఓ డబ్బాడు వడియాలు పంపారు.

ఏప్రిల్ 19న వన్‌టౌన్ వెళ్ళి వెదురు తెర కొన్నాను. ఆరడుగులకు ఆరడుగులు, చదరపు అడుగు 40, మొత్తం 1,440. తాళ్ళూ కొక్కేలూ ఇంకో 90. ఆరడుగుల చుట్టను ఆటోలో పెడితే రెండు వైపులా చెవుల్లా బయటికి వచ్చింది. కాళేశ్వరరావు మార్కెట్టు దగ్గర రద్దీలో ఏ ఒక్కరూ దాన్ని తాకకుండా వెళ్ళలేదు, తాకినవారు నన్ను చూడకుండా వెళ్ళలేదు. ఇంటికి వచ్చాక మళ్ళీ అవే అంగుళాలు! బాల్కనీ 5 అడుగుల 10. రెండు వైపులా ఒక్కో అంగుళం మావారు రంపంతో కోసి, దారం విడిపోకుండా పురికొసతో అల్లారు. ఐదు వేల మనిషి ఆ పని ఇష్టంగానే చేశారని నా అనుమానం.

తెర దించితే లోపల చారల చారల నీడ. దాని మీద నాలుగు చెంబుల నీళ్ళు చల్లితే గాలి తెరిపిగా వస్తుంది. అయితే మే నెలలో ఒక సాయంత్రం ఈదురుగాలి లేచింది. తెర అడుగున ఉన్న వెదురు గడకర్రలా ఊగి మూడు కుండీలను పడగొట్టింది. బరువు కడితే ఆగుతుందనుకుని ఇసుక నింపిన సీసాలు కట్టాను. తరవాతి గాలికి ఆ సీసాలే గోడను కొట్టాయి. ఇప్పుడు కింద రెండు చోట్ల ఊచలకు జారుముడి వేస్తున్నాం, మబ్బు పట్టగానే చుట్టేస్తున్నాం. ఆ గాలితో పాటు వచ్చిన వానకే దీపాల తీగ కూడా చచ్చిపోయింది. దానికి ఎవరూ బాధపడలేదు.

మొక్కల సంగతి. తొమ్మిదిలో మిగిలినవి తులసి, కలబంద, ఆశ్చర్యంగా క్రోటన్. వాటి ఖరీదు మొత్తం కలిపి 190. ఇంకేమీ కొనకూడదని ఒట్టు పెట్టుకున్నాను. బడి ప్రహరీ పక్కన ఎవరూ నీళ్ళు పోయకపోయినా విరగబూసే బిళ్ళగన్నేరు నాలుగు నారు మొక్కలు తవ్వుకొచ్చాను. తెలుగు టీచరు గారు గడ్డిగులాబీ కొమ్మలు ఓ గుప్పెడు తుంపి ఇచ్చారు, అవి మట్టిలో గుచ్చితే చాలు. అత్తయ్యగారు వాము ఆకు కొమ్మ సంపాదించారు. కుండీలుగా ఇంట్లో పోగుపడిన పెరుగు డబ్బాలు, ఖాళీ రంగు డబ్బాలు. నర్సరీ నల్ల కుండీలను పట్టుకుంటే చెయ్యి కాలేది, లోపల వేళ్ళు ఉడుకుతున్నాయని అప్పుడు వెలిగింది. 160 రూపాయల తెల్లరంగు డబ్బా తెచ్చి అన్నిటికీ పూశాను. రంగురంగుల డబ్బాలు పోయి అన్నీ తెల్లగా వరసలో నిలబడితే, ఈ మొత్తం వ్యవహారంలో మొదటిసారి ‘అలంకరణ’ అనదగ్గది కనిపించింది. ఎండకు భయపడి చేసిన పని అది.

ఇంకో చిన్న సంగతి. మేలో మధ్యాహ్నం మేడ మీద ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళు టీ పెట్టుకునేంత వేడిగా ఉంటాయి. అవి మొక్కలకు పోయకండి. నేను రాత్రే బకెట్ నింపి ఉంచి పొద్దున ఆరింటికి పోసేదాన్ని, డబ్బాకు అర చెంబు.

కూర్చునే చోటు అన్నిటి కంటే చివర కుదిరింది, మే 24న. పాత ఇళ్ళ తలుపులు, కిటికీలు అమ్మే చోట ఒక తలుపు చెక్క ముక్క దొరికింది. వడ్రంగి దానిని 2 అడుగుల 8 అంగుళాల పొడవు, అడుగు వెడల్పు బెంచీ చేశాడు. చెక్కకూ కూలికీ కలిపి 650. తలుపు తిరిగే సుద్దగీతకు అవతల, పొట్టి గోడను ఆనుకుని బిగువుగా కూర్చుంది. ఒకటిన్నర మనిషి పడతారు. కింద మట్టి సంచీ, చెంబు, కత్తెర. ‘ఎంతమ్మా కొలత?’ అని మొదట అడిగినప్పుడు ఆరో మూడో కాకుండా అంగుళాలతో చెప్పినందుకు వడ్రంగి నన్ను గౌరవంగా చూశాడు. ఎంత ఖర్చు పెడితే వచ్చిన గౌరవమో అతనికి తెలియదు.

బట్టల తాళ్ళ మీద రాజీ జరిగింది. బట్టలు సాయంత్రం ఐదు లోపల తీసేయాలి, అతిథులు వస్తే అంతకంటే ముందే. దీని మీద అత్తయ్యగారూ నేనూ సంతకాలు పెట్టలేదు గాని అంత పనీ అయింది.

ఖర్చు మొత్తం 7,884. పాత సామాన్ల 340 తీసేస్తే 7,544. ఇవాళ బాల్కనీలో కళ్ళకు కనిపిస్తున్న వస్తువుల ధర వేరుగా కట్టి చూశాను, 5,460. మిగతా రెండు వేల పైచిలుకు గడ్డి, ఫెర్నులు, వేలాడే బుట్టలు, దీపాలు, ఆకుపచ్చ అన్నం, వడియాలు. వడియాల డబ్బు మాత్రం వృథా కాలేదని నా వాదన.

జూన్ 12న బడులు తెరిచారు. అప్పుడొక కొత్త దిగులు పట్టుకుంది. గడ్డిగులాబీలు పొద్దెక్కాక విచ్చుకుని, మధ్యాహ్నం దాటాక ముడుచుకుంటాయి. నేను ఎనిమిదికి వెళ్ళి ఐదుకు వస్తాను. నా పూలను ఆదివారం నాడే చూస్తున్నాను. మిగతా ఆరు రోజులూ అత్తయ్యగారు చూసి, రాత్రి భోజనాల దగ్గర చెబుతారు: ‘ఇవాళ పదకొండు పూశాయి. రెండు తెల్లవి.’

జులై 16 సాయంత్రం. మబ్బు విడిచింది. బడి నుంచి వచ్చి కాఫీ కలుపుకుని వెళితే బెంచీ మీద అత్తయ్యగారు ఉన్నారు, పక్కన అర మనిషి జాగాలో పంచాంగం ఉంది. ‘ఇవాళ్టి నుంచి దక్షిణాయనం అమ్మాయ్, నీ ఎండ ఇక తగ్గుముఖం’ అన్నారు. సూర్యుడు జూన్ 21నే మళ్ళాడని, కావాలంటే కమ్మీ మీద గీతలు చూడమని అన్నాను. మా అబ్బాయి గడప మీద తన చోట నిలబడి ఒక కన్ను మూసి కొత్త గీత పెట్టాడు. జూన్ గీతకు రెండు వేళ్ళ ఎడమగా వచ్చింది. అత్తయ్యగారు కళ్ళజోడు సవరించుకుని వంగి చూశారు.

‘అయితే నా పంచాంగం ఇరవై అయిదు రోజులు వెనకబడిందంటావు.’

‘నేను అనలేదండీ, సుద్దముక్క అంటోంది.’

‘సుద్దముక్క జనవరిలో ఏం చేస్తోంది?’ అన్నారావిడ. పంచాంగం తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆ అర మనిషి జాగాను చేత్తో తుడిచారు. అక్కడ నేను పట్టను. గడప మీద కూర్చుని కాఫీ తాగాను, కాళ్ళు మాత్రం మొజాయిక్ మీద పెట్టి.